కోడిపిల్లలు, క్యాబేజీ, మా నాన్న గోంగూర

మా నాన్నకి గుండెలో కృత్రిమ వాల్వు వేశాక వార్ఫరిన్ మాత్ర మొదలైంది. మొదట్లో అన్నీ మామూలుగా తింటూనే డోసు కుదిరింది. తర్వాత ఒక చెకప్‌లో ఎవరో చేతిలో కాగితం పెట్టారు: "ఆకుకూరలు మానవలెను". ఎందుకో రాయలేదు. అమ్మ దాన్ని ఫ్రిజ్‌కి అంటించి గోంగూర, తోటకూర, పాలకూర అన్నీ బంద్ చేసేసింది. తర్వాత పరీక్షలో ఐఎన్ఆర్ ఉండాల్సినదానికన్నా బాగా ఎక్కువ వచ్చింది. ఓ రోజు బ్రష్ చేస్తుంటే చిగుళ్ళ నుంచి రక్తం ఆగలేదు. నాకు భయం వేసింది.

నేను డాక్టర్ని కాదు, కోడు రాసుకుని బతికేవాణ్ణి. కాబట్టి లాగ్ ఫైల్ మొదటినుంచీ చదవడం మొదలుపెట్టా.

కథ 1929లో కోపెన్‌హాగెన్‌లో మొదలవుతుంది. కోడిపిల్లలు కొలెస్టరాల్‌ని తమంతట తామే తయారు చేసుకోగలవా అని చూడటానికి హెన్రిక్ డామ్ అనే శాస్త్రవేత్త వాటికి కొవ్వు తీసేసిన మేత పెట్టాడు. కొన్ని వారాలకి పిల్లలకి చర్మం కిందా, కండరాల్లోనూ రక్తం కారడం మొదలైంది. కొలెస్టరాల్ తిరిగి కలిపినా తగ్గలేదు. మనం ఒక మాడ్యూల్లో వేలు పెడితే ఇంకో మాడ్యూల్ కూలినట్టన్నమాట.

1933లో కాలిఫోర్నియాలో హోల్‌స్ట్, హాల్‌బ్రూక్ అనే ఇద్దరు ఇలాంటి పిల్లలకే క్యాబేజీ పెట్టారు. తగ్గిపోయింది! దాంతో ఇది స్కర్వీ లాంటి జబ్బు, విటమిన్ సి లోపం అని తేల్చేశారు. ఫిక్స్ కరెక్టే, రూట్ కాజ్ తప్పు. డామ్ శుద్ధమైన విటమిన్ సి ఇచ్చి చూస్తే ఏ ప్రయోజనమూ లేదు. క్యాబేజీలో ఉన్నది ఇంకేదో. 1935లో దానికి విటమిన్ కె అని పేరు పెట్టాడు. 'కె' అంటే కోయాగ్యులేషన్, గడ్డకట్టడం. డేనిష్, జర్మన్ భాషల్లో ఆ మాట కె తోనే మొదలవుతుంది.

అదే సమయంలో బర్క్‌లీలో ఆల్మ్‌క్విస్ట్, స్టోక్‌స్టాడ్ కూడా దీని మీదే పనిచేస్తున్నారు. కుళ్ళిన చేపపొడి కూడా జబ్బుని ఆపుతుందని గమనించారు. పాపం, వాళ్ళ పేపరు డామ్ పేపరు తర్వాత కొద్ది వారాలకి వచ్చింది. 1939లో ఎడ్వర్డ్ డోయిసీ బృందం లూసర్న్ గడ్డి నుంచి కె1, కుళ్ళిన చేపపొడి నుంచి కె2 వేరు చేసింది. 1943 నోబెల్ డామ్, డోయిసీలకి దక్కింది.

ఆకు ఒకవైపు, కుళ్ళు ఇంకోవైపు! రెంటికీ సంబంధం ఏమిటంటే, కె1ని మొక్కలు కిరణజన్య సంయోగక్రియ కోసం తయారు చేసుకుంటాయి, కె2ని ఎక్కువగా బాక్టీరియా చేస్తాయి. అందుకే ఆకుకూరల్లో కె1, జపాన్ వాళ్ళ పులియబెట్టిన సోయా నాటోలో, చీజ్‌లో కె2. గుడ్డు పచ్చసొనలో, వెన్నలో కూడా కాస్త కె2 ఉంటుంది. వంద గ్రాముల పచ్చి పాలకూరలో కె1 దాదాపు 480 మైక్రోగ్రాములు. అమెరికా లెక్కలో మగవాళ్ళకి రోజుకి కావలసింది 120. రెండూ కొవ్వులో కరిగేవే, అంటే మన పప్పుకూరలో నూనె పోపు వృథా కాదు.

ఇక వార్ఫరిన్. కాలేయం వాడేసిన విటమిన్ కె ని మళ్ళీ వాడుకోకుండా ఇది అడ్డుకుంటుంది. డోసు కుదిరేది మనం రోజూ తినే కె ని బట్టే. ఆకుకూరలు ఒక్కసారిగా మానేస్తే అదే మాత్ర ఎక్కువైపోతుంది, ఒక్కసారిగా పెంచితే చాలదు. మానడం కాదు ముఖ్యం, ఒకేలా తినడం ముఖ్యం. వేరే డాక్టరుగారు సరిగ్గా ఇదే చెప్పారు, డోసు సరిచేశారు.

ఫ్రిజ్ మీద కాగితం తీసేశాం. ఇప్పుడు ప్రతి ఆదివారం గోంగూర, వారంలో రెండు రోజులు తోటకూర, అంతే, ఎక్కువా తక్కువా లేదు. మొదటి ఆదివారం నాన్న ఏమీ మాట్లాడకుండా రెండోసారి పప్పు వేయించుకున్నాడు. అమ్మ గరిటెతో కొలిచి మరీ వేసింది.

మీ ఇంట్లో ఎవరైనా ఈ మాత్ర వాడుతుంటే తిండి మార్చే ముందు డాక్టర్ని "ఎందుకు?" అని ఒక్క మాట అడగండి. డామ్ చేసిందీ అదే కదా.