చినిగిన నోటు కొనదగునా?



పాత నాణెములను కూర్చువారికి ఒక సౌకర్యము కలదు. రాగికాసు అరిగినను రాగియే. వెండి రూపాయి నల్లబడినను త్రాసులో వేసినచో వెండియే. కాగితపు నోటున కా భాగ్యము లేదు. దాని విలువ యంతయు అచ్చుపడిన మాటలయందే యున్నది. ఆ మాటలు చెరిగిపోయినచో చేత మిగులునది కాగితపు ముక్క. కావున నోట్లు సేకరింప మొదలిడినవాని యెదుట వర్తకు డొక చినిగిన పాతనోటు పరచి, "అయ్యా, ఇది బాగుగ నుండినచో పదింతలు చెప్పియుందును, తీసికొనుడు" అనినప్పుడు ఆతనికి సందేహము కలుగుట సహజము. కొనవలెనా? మానవలెనా?

సామాన్యముగా వినవచ్చు సలహా యొక్కటే: మడత లేనిది కొనుము, చినిగినది విడువుము. ఈ సలహా ఇటీవలి నోట్ల విషయమున సరియైనదే. హిందూదేశపు తొలినాటి నోట్లకు దీనిని వర్తింపజేయుట చరిత్ర నెరుగక చేయు పని యని నా యభిప్రాయము.

1861వ సంవత్సరమున కాగితపు కరెన్సీ చట్టము వచ్చినది. అంతవరకు కలకత్తా, బొంబాయి, మద్రాసు ప్రెసిడెన్సీ బాంకులు వేయుచుండిన నోట్ల హక్కు ప్రభుత్వపరమైనది. విక్టోరియా రాణి చిత్రముతో 10 రూపాయలు మొదలు 1000 రూపాయల వరకు నోట్లు వెలువడెను. అచ్చు ఒక వైపుననే, వెనుకభాగము తెలుపు. దొంగనోట్లు ప్రబలుటచే 1867 నుండి రాణి చిత్రము లేని వేరొక రకమును ప్రవేశపెట్టిరి. ఆ రకము, కొద్ది మార్పులతో, 1923 వరకు నడచినది.

ఆనాటి నోటు దేశమంతట చెల్లెడిది కాదు. కరెన్సీ ఆఫీసుల ననుసరించి దేశమును మండలములుగ విభజించియుండిరి. ఏ మండలపు నోటు ఆ మండలముననే చెల్లును. మద్రాసు మండలమునకు లోబడి కొంతకాలము కాకినాడ, కాలికట్టు పేరులతోను నోట్లు వెలువడెను. 1903కును 1911కును నడుమ 5, 10, 50, 100 రూపాయల నోట్లకు క్రమముగా ఈ యెల్ల తొలగినది.

ఇట్టి నోటును ఎవరు వాడిరి? పది రూపాయలు ఆ దినములలో చిన్న మొత్తము కాదు. పల్లెలోని రైతు దానిని చూచియుండుటయే అరుదు. అది వర్తకులదియు కచ్చేరీలదియు. సొమ్ము దూరదేశమునకు పంపవలసినచో వర్తకుడు నోటును నడుమకు కత్తిరించి, ఒక సగము తపాలాలో పంపును. అది చేరినట్లు జాబు వచ్చిన పిమ్మట రెండవ సగము పంపును. దారిలో దొంగ చేతికి ఒక తుండెము చిక్కినను వానికి లాభము లేదు. అందుకొన్నవాడు రెంటిని చేర్చి వెనుక కాగితపు పేలిక నంటించును. మడతలు పడుట, గుమాస్తా కట్టగట్టి సూది గ్రుచ్చుట, చేతులు మారినప్పుడు తెల్లని వెనుకభాగమున సంతకములు చేయుట, ఇవన్నియు ఆ నోటు చేసిన కొలువు. నడుమ కోత గల నోటును చూచి పాడైనదనుట, ఠస్సా పడిన తపాలాబిళ్లను చూచి దానిపై మసి పూసిరనుట వంటిది.

మరియు నొకటి. నోటు ప్రభుత్వపు ఋణపత్రము. సొమ్ము చెల్లించి తీసికొన్న నోటు రద్దయి నాశన మగును. కావున మనకు మిగిలినవి ఎవరో పెట్టె యడుగున మరచినవి. అందును వానచెమ్మయు చెదలును తమ భాగమును తాము తీసికొన్నవి. మడతయైన లేని 1870వ యేటి నోటుకై వేచియుండువాడు జీవితకాలము వేచియుండవచ్చును.

కొన్ని లోపములు పుట్టుకతో వచ్చినవి. మొదటి ప్రపంచయుద్ధమున వెండి కొరతపడగా 1917 నవంబరు 30వ తేదీన ఒక రూపాయి నోటును, 1918 జనవరిలో రెండున్నర రూపాయల నోటును విడుదల చేసిరి. 1926 జనవరి 1వ తేదీనుండి వీని నిచ్చుట మానివేసిరి. ఒక రూపాయి నోట్లు 25 చొప్పున చిన్నపుస్తకములుగ కుట్టి వచ్చెడివి, చింపి యిచ్చెడివారు. దాని యెడమ యంచున గరుకుదనము చూచి ధర తగ్గింపుమని బేరమాడువారు కలరు. వర్తకుడును తెలియనివాడైనచో తగ్గించును!

ఇక సముద్రము పాడుచేసిన నోట్ల కథ. నిజాము ప్రభుత్వము 1918లో సొంత నోట్లను ప్రారంభించినది. వానిపై ఉర్దూతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడములందును విలువ వ్రాసియుండును. అవి తొలుత లండనులో అచ్చయి ఓడలమీద వచ్చెడివి. 1922 మే 20వ తేదీన బొంబాయికి వచ్చుచున్న 'ఈజిప్టు' అను ఓడను ఫ్రాన్సు తీరమున పొగమంచులో వేరొక ఓడ ఢీకొన్నది. ఇరువది నిమిషములలో మునిగినది. ఎనుబదిమందికి పైగా మరణించిరి. అందు బంగారము, వెండి, నైజాము నోట్లు ఉండెను. ఇటలీవారు 'ఆర్టిగ్లియో' అను ఓడతో వెదకి 1930లో దాని జాడ కనుగొనిరి. ఆ యేడే డిసెంబరులో, వేరొక శిథిలమును ప్రేల్చుచు, ఆర్టిగ్లియో తానే నాశనమైనది. మరియొక ఓడతో వచ్చి 1932లో బంగారము తీసిరి. ఇనుపపంజాకు బంగారముతోపాటు నైజాము నోట్ల కట్టలును చిక్కినవి! పదేండ్లు నూరు మీటర్లకు మించిన లోతున ఉప్పునీటనుండియు కాగితము కరగలేదు. ఇట్టిదే 1918 జూలైలో జర్మను జలాంతర్గామి ముంచిన 'షిరాలా' కథ. ఆ యోడనుండి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన నోట్లను అధికారులు చాలవరకు పట్టి నాశనము చేయగా, చేజారిన రెండు పది రూపాయల నోట్లు 2024లో లండనులో వేలమునకు వచ్చినవి. ఇట్టి నోటునకు మరకయే జన్మపత్రిక. ఐతే మరకపడిన ప్రతి నైజాము నోటును 'ఈజిప్టు' ఓడనుండి రాలేదు. చేతులు మారి మడతలవెంట అరిగిన నోటు సముద్రగర్భమున నుండెనని చెప్పువానిని నమ్మకుడు.

నిజముగ విడువవలసిన నోటు వేరు. అది తరచు అందముగనే కనబడును. మాసిన నోటును కొందరు ఉదికి, గంజిపెట్టి, ఇస్త్రీ చేసి యమ్ముదురు. అరిగిన అంచును కత్తిరతో సవరింతురు. చెరిగిన అంకెను సిరాతో దిద్దుదురు. కొలత పెట్టినచో అంచు తగ్గుట తెలియును. గంజి నోటు వ్రేలితో తాకిన బిరుసు. వెలుతురున కెత్తినచో నీటిగుర్తు అలుకుకొనిపోయి, అచ్చు వెలవెలబోయి కనబడును. ఈ నోటునకు పాతతనము పోయినది, కొత్తతనము రాలేదు. జిగురుటేపు అంటించినది ఇంతకంటె కీడు; జిగురు కాగితములోని కింకి పసుపుపచ్చనై నిలుచును, పీకినచో అచ్చును వెంట తెచ్చును. కోతనోటు కొనునప్పుడు రెండు సగములందలి అంకెలు ఒక్కటియే యగునా యని తప్పక చూడవలెను. రెండు వేరు నోట్ల సగములను జతచేసినవాడు నోటు నమ్ముట లేదు, రెండు ముక్క లమ్ముచున్నాడు.

విరివిగా దొరకు నోట్లను గురించి అధికము చెప్ప పనిలేదు. 1940లోని ఆరవ జార్జి ఒక రూపాయి నోటు నేటికిని మంచి స్థితిలో దొరకును. చినిగినది చౌక యని కొన్నచో పెట్టెలో బరువే. పదివేలలో ఒకటి మిగిలినదానికొక ధర్మము, పదింట ఐదు మిగిలినదాని కొక ధర్మము.

ధర విషయమున నేను పాటించు పద్ధతి యిది: చినిగిన నోటును చినిగిన నోటు ధరకే అడుగుదును, రేపు మంచి ధరకు పోవునను ఆశతో కొనను. మండలము పేరు, అంకె, తేది, సంతకము, ఈ నాలుగును చదువనయినచో మూలలు పోయిన దిగులు లేదు. 'కాకినాడ' యను పేరు గల నోటు నడుమ కోతతో, వెనుక మాసికతో, సూదిబెజ్జములతో ఎవరైన తెచ్చినచో, దానికంటె మంచి ప్రతికై నేను వేచియుండను. ఆ మాసికను ఊడదీయవలదని మాత్రము అమ్మువానితో ముందే చెప్పుదును.