గనిలోంచి గడపలోకి

జర్మనీ, చెక్ దేశాల సరిహద్దున ఉన్న ఎర్జ్‌గెబిర్గే పేరుకు అర్థమే ఖనిజ పర్వతాలు. అయిదు వందల ఏళ్ల కిందట వెండి కోసం తవ్విన ఆ కొండల్లో గని కార్మికులు నడివయసులోనే ఊపిరితిత్తులు చెడి మరణించేవారు. అక్కడి యోవాఖిమ్‌స్టాల్ పట్టణంలో వైద్యం చేసిన అగ్రికోలా గనుల గురించి రాసిన గ్రంథం 1556లో వెలువడింది. గని జబ్బుకు ఏడుగురు భర్తలను పోగొట్టుకున్న స్త్రీలు కార్పాతియన్ కొండల్లో ఉన్నారని అందులో నమోదు చేశాడు.

ఆ జబ్బు ఊపిరితిత్తుల్లో పుట్టే ప్రాణాంతకమైన కణితి అని 1879లో ష్నీబెర్గ్ ప్రాంతపు ఇద్దరు వైద్యులు తేల్చారు. రాతిలోని యురేనియం క్షయిస్తూ రేడియంగా, రేడియం రేడాన్ వాయువుగా మారుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. దాని నుంచి పుట్టే రేణువులు ఊపిరితో లోపలికి చేరి కణజాలాన్ని దెబ్బతీస్తాయి. ఈ సంగతి తెలిసిన తరువాత కూడా, రెండో ప్రపంచ యుద్ధానంతరం సోవియట్ అణుబాంబుకు యురేనియం కావలసివచ్చినప్పుడు, విస్మూట్ సంస్థ తొలి సంవత్సరాల్లో గాలి సరిగా ఆడని సొరంగాల్లోకే కార్మికులను దింపింది. వేలమంది క్యాన్సర్ పాలయ్యారు. రాజ్యావసరం ముందు తెలిసిన ప్రమాదం కూడా తెలియనిదైపోయింది.

అయితే రేడాన్ గని ముఖద్వారం దగ్గర ఆగిపోదు. 1984 డిసెంబరులో అమెరికాలోని పెన్సిల్వేనియాలో, ఇంకా విద్యుదుత్పత్తి మొదలుకాని ఒక అణు కేంద్రంలో, ఒక ఇంజనీరు రాగానే రేడియేషన్ హెచ్చరిక గంట మోగసాగింది. వెతకగా, ఆ రేడియోధార్మికత ఆయన ఇంటి నుంచి వచ్చినదని బయటపడింది. అణు కేంద్రం కంటే ఇల్లే ప్రమాదకరమైన చోటు!

1988లో రేడాన్‌ను క్యాన్సర్ కారకంగా గుర్తించారు. ఇళ్లలో ఘనమీటరుకు 100 బెకెరల్‌లు మించకూడదని, అది సాధ్యం కానిచోట 300 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో సూచించింది. జర్మనీలో 2018 చివరి నుంచి అమలైన చట్టం ప్రకారం, రేడాన్ ముప్పు ఎక్కువని ప్రకటించిన ప్రాంతాల్లో పనిచేసే చోట్ల నేలమాళిగ, కింది అంతస్తుల్లో ఏడాదిపాటు కొలవడం తప్పనిసరి. పాత ఇళ్లలో కొలత మాత్రం యజమాని ఇష్టమే. కొలిచే సాధనం చిన్న ప్లాస్టిక్ డబ్బీ. దానిలోని ఫిల్ముపై రేణువులు గీసిన జాడలను ప్రయోగశాలలో లెక్కిస్తారు. మోతాదు ఎక్కువని తేలితే నేల పగుళ్లు పూడ్చడం, గాలి ఆడనివ్వడం, నేల కింది గాలిని గొట్టంతో బయటికి లాగడం మందు.

భారతదేశంలో ఈ ప్రశ్నకు చిరునామా హిమాలయాలు. గఢ్వాల్ కొండల్లో పరిశోధకులు దశాబ్దాలుగా మట్టిలో, ఊటల్లో, ఇళ్లలో రేడాన్‌ను కొలుస్తున్నారు. 1991 ఉత్తరకాశీ భూకంపం తరువాత ప్రకంపనలకు ముందస్తు సూచనగా కూడా దాన్ని పరిశీలించారు. సిమెంటు ఇళ్లకన్నా మట్టినేల ఇళ్లలో మోతాదు ఎక్కువగా ఉంటుందని, చలికాలంలో తలుపులు మూసుకున్నప్పుడు మరింత పెరుగుతుందని ఆ కొలతలు చెబుతున్నాయి. అంటే భారం పేదింటిమీదే ఎక్కువ.

ఆ అంకెలు శాస్త్ర పత్రికల్లో ఉన్నాయి. ఇళ్లలో కొలత తప్పనిసరి చేసే చట్టం మాత్రం దేశంలో లేదు. ఎర్జ్‌గెబిర్గే చరిత్రలో నిజం తెలియడానికి పట్టిన కాలంకన్నా, తెలిసిన నిజం దాని బాధితుడిని చేరడానికి రాజ్యం పెట్టిన జాప్యమే క్షమించరానిది. గఢ్వాల్‌లో నిజం ఇప్పటికే తెలుసు.