షుగరు మాత్ర చరిత్రలో మన హైదరాబాదు

మనం నలుగురం ఎక్కడ కలిసినా షుగరు మాట రాక మానదు. "ఈ మాత్ర మొదలెట్టాక ఒళ్లు వచ్చిందేమిటి?" అని పియోగ్లిటజోన్ వాడే మన పెద్దలు అడుగుతుంటారు.

ఈ రకం మందులకు ఆద్యులు జపాన్‌ టకెడా కంపెనీ వారు. అవి పనిచేసే తీరు 1995లో తేలింది. కొవ్వు కణాల్లోని పీపార్-గామా అనే ప్రోటీన్‌కు అంటుకుని దాన్ని పనిలోకి దించుతాయి. చర్మం కింద చిన్న చిన్న కొత్త కొవ్వు కణాలు పుట్టి, కాలేయంలోనూ కండరాల్లోనూ చేరిన కొవ్వును తమలోకి లాక్కుంటాయి. అప్పుడు ఇన్సులిన్ మాట ఒళ్లు వింటుంది. కాస్త ఒళ్లు రావడం ఆ పనిలో భాగమే. కాళ్ల వాపు మాత్రం నీరు.

ఇదే దారిలో మన అంజిరెడ్డి గారి డాక్టర్ రెడ్డీస్ సొంతంగా కనిపెట్టిన మందును 1997లో డెన్మార్క్‌ నోవో నార్డిస్క్‌కు ఇచ్చింది. తర్వాత ఇచ్చిన రాగాగ్లిటజార్ పరీక్షలు 2002లో ఆగిపోయాయి. ఎలుకల మూత్రాశయంలో కణితులు కనిపించాయి. అదే భయంతో 2013లో కేంద్రం పియోగ్లిటజోన్‌నూ ఆపి, కొన్ని వారాలకే హెచ్చరికలతో మళ్లీ అనుమతించింది.

కాబట్టి కాళ్లు వాచినా, ఆయాసం వచ్చినా, మూత్రంలో రక్తం కనిపించినా దాచకండి, వెంటనే డాక్టరుకు చెప్పండి. మాత్ర మాత్రం మనంతట మనం మానొద్దు.