పొగాకు చరిత్ర - మిత్రధర్మము

పొగ త్రాగుట మన దేశమున అనాదిగా నున్న యాచారమని పలువురు తలఁతురు. వలదని చెప్పఁబోయినవారిని, మా తాతముత్తాతలు త్రాగలేదా యని యడుగువారును గలరు. ఈ ప్రశ్నకుఁ జరిత్రము చెప్పు సమాధానము వేఱు. చరకసంహిత సూత్రస్థానమున ధూమపానము చెప్పఁబడిన మాట నిజమే. కాని యది మందుమూలికలను నూఱి వర్తిగాఁ జేసి, విధించిన వేళలందు, విధించిన మేరకుఁ బీల్చు చికిత్స. అకాలమునను అతిగాను పీల్చినచోఁ గలుగు నుపద్రవములను గూడ నా గ్రంథమే చెప్పుచున్నది. అందుఁ బొగాకు లేదు. ఉండుటకు వీలును లేదు. ఆ మొక్క అమెరికా ఖండమునకుఁ జెందినది. 1492 లోఁ గొలంబసు ఆ తీరముఁ జేరువఱకు మనవా రెవ్వరును దాని నెఱుఁగరు. నన్నయ తిక్కనలు దాని వాసనయైనఁ జూచినవారు కారు. కావున మనము పూర్వాచార మనుకొనున ది కొన్ని తరముల నాఁటి దిగుమతి సరకు మాత్రమే.

పదునాఱవ శతాబ్దిలోఁ బోర్చుగీసువారి యోడలతో నీ యాకు పడమటి తీరమున దిగి దక్కనులోఁ బ్రవేశించెను. దక్కనునుండి మొగలుల సభకుఁ బోయిన కథ వినఁదగినది. అసద్ బేగను నుద్యోగి బిజాపురమునకు దూతగాఁ బోయి, 1604-05 ప్రాంతమునఁ దిరిగి వచ్చుచుఁ బొగాకును, చక్కని పనితనముగల గొట్టమును అక్బరు పాదుషాకుఁ గానుకగాఁ దెచ్చెను. పాదుషా కుతూహలముతో రెండుమూఁడు మాఱులు పీల్చెను. అంత నాస్థానవైద్యుఁ డడ్డుపడి, యీ వస్తువు మన గ్రంథములలో లేదు, దీని గుణదోషములు మన మెఱుఁగము, కావున వలదనెను. క్రొత్తదగుటచేతనే దేనినైనఁ ద్రోసివేయుట తగునా యని అసద్ బేగు వాదించెను. పాదుషా దాని నలవాటు చేసికొనలేదు. కాని సభలోని ప్రభువులు పంచుకొని త్రాగిరి, వర్తకులు తెప్పించి యమ్మిరి, వాడుక వ్యాపించెను. ప్రక్కన నిలిచి వలదని చెప్పువాఁ డొక్కనికి దొరకెను, తక్కినవారికి దొరకలేదు. ఈ యంశమును బాఠకులు మనసున నుంచుకొనఁ గోరుచున్నాము.

ఈ లోపల లోకమునఁ బ్రభువులు తమ యధికారముతో దీని నడ్డఁజూచిరి. ఇంగ్లండు రాజైన మొదటి జేమ్సు 1604 లోఁ దానే యొక పుస్తకము వ్రాసి పొగాకును దూషించి, దానిపై సుంకమును మిక్కిలిగాఁ బెంచెను. జహంగీరు 1617 లో నిషేధించెను. తురుష్క సుల్తాను నాలుగవ మురాదు 1633 లో మరణదండనమునే విధించెను. పుస్తకము, సుంకము, శాసనము, ఖడ్గము - అన్నియు నోడిపోయినవి. ఏలయన నీ యాకునందుఁ గల నికోటిను అను ద్రవ్యము మెదడును వశపఱచుకొని, కొన్ని గంటలకొకమాఱు తన్నుఁ దలఁచుకొనునట్లు చేయును. రాజభటుఁడు వీధి మలుపున నుండును. ఆ కోరిక నరములలో నుండును.

మన ప్రాంతము మాటకు వత్తము. మేము పాఠములు చెప్పుకొని బ్రతుకు హయత్‌నగరు కుతుబ్‌షాహీల కాలపుటూరు. ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కూఁతురును, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లియు నగు హయాత్ బక్షీ బేగము పేర నిది వెలసినది. ఆ కాలపు మసీదును, పెద్ద బావియు నేఁటికి నిలిచియున్నవి. గోలకొండనుండి మచిలీపట్టణపు రేవునకుఁ బోవు బాట యీ దిక్కుననే సాగెడిది. పదునేడవ శతాబ్ది తొలిపాదమునకే ఆ రేవునుండి పొగాకు మోఖాకును అరకానునకును ఓడల నెక్కుచుండెను. ఒక్క తరములో విదేశపు వింత మన రైతు పంట యయ్యెను. తరువాత చుట్ట తెలుఁగువాని గుర్తే యయ్యెను. 1897 లో వెలువడిన కన్యాశుల్కమున గిరీశము చుట్టను బొగడుట యెఱుఁగనివారు లేరు. 1920 తరువాత గుంటూరు నల్లరేగడి భూములలో వర్జీనియా పొగాకు పాదుకొనెను. హైదరాబాదున వజీరు సుల్తాను టొబాకో కంపెనీ 1930 లో నేర్పడఁగా, చార్మినారు పేరి సిగరెట్టు కూలివాని జేబులోనికిని, విద్యార్థి జేబులోనికినిఁ జేరెను. చుట్టకుఁ దీఱిక కావలయును. సిగరెట్టుకుఁ జాయ్ హోటలు గడపమీఁది యైదు నిమిషములు చాలును.

ఇంక వైద్యులు కనుఁగొన్నదేమి? విశాఖపట్టణము, శ్రీకాకుళము ప్రాంతపుఁ బల్లెలలోఁ జుట్టను నిప్పుకొన లోపలికిఁ బెట్టుకొని త్రాగు వాడుక గలదు. దానిని అడ్డపొగ యందురు. ఆఁడువారిలో నది విస్తారము. 1937 లోనే విశాఖపట్టణపు వైద్యులు అంగుట పుట్టు వ్రణమును గూర్చి వ్రాసిరి. బొంబాయి టాటా స్మారక వైద్యాలయమున ఖానోల్కరు పండితుఁడు సహపరిశోధకునితోఁ గూడి 1945 లోఁ బ్రకటించిన వ్యాసమున, ఆ పుట్టకురుపునకును చుట్టకును గల సంబంధమును జూపెను. 1950 లో నింగ్లండున డాల్, హిల్ అనువారు సిగరెట్టు వలన నూపిరితిత్తులలోఁ బుట్టకురుపు గలుగుట నిరూపించిరి. గుండెపోటు, పక్షవాతము, ఆయాసపు దగ్గు - వీని యన్నింటికిని బొగ మూలమని తరువాతి పరిశోధనలు స్థిరపఱచినవి. అక్బరు వైద్యుఁడు "ఎఱుఁగము" అనిన దానిని నేఁటి వైద్యుఁ డెఱుఁగును.

ఇట్లు తెలిసియు మనుష్యుఁ డేల మానఁడు? మా మిత్రుఁ డొకఁడు, ఇరువది యేండ్లుగా సిగరెట్టు నెడఁబాయనివాఁడు, మొన్నటి వేసవిలో నొక రాత్రి ఱొమ్ము నొప్పిచే వైద్యాలయముఁ జేరెను. ఈ మాఱు గుండె తప్పించుకొన్నది, మఱల నమ్మరాదని వైద్యుఁడు చెప్పెను. ఇంటికి వచ్చి పెట్టెను మురుగుకాలువలోఁ బాఱవైచి, పిల్లల తలలమీఁదఁ జేయి వేసి యొట్టు పెట్టుకొనెను. మూఁడు వారములకు నొప్పి మఱపునకు వచ్చెను. నాలుగవ వారమున నొక సహోద్యోగి "ఒక్కటి త్రాగిన నేమి పోవును" అని చేతికిచ్చెను. లోకులు మా మిత్రుని నిష్ఠాహీనుఁ డనిరి. ఆ సిగరెట్టు నిచ్చిన చేతిని గూర్చి యెవ్వరును మాటాడలేదు. భయము వరదనీటివంటిది, వచ్చినంత వేగముగా దిగిపోవును. దిగిపోవునప్పు డొడ్డున నిలిచి చేయి యిచ్చువాఁడు కావలయును.

ఇది మా యూహ మాత్రము కాదు. 1970 తరువాతి దశకమున టాటా పరిశోధకులు శ్రీకాకుళము, ఎర్నాకుళము, భావనగరము జిల్లాల పల్లెలలో 36,000 మందికిఁ బైగాఁ బొగాకు వాడువారిని జేర్చుకొని, యొక ప్రయత్నము నడపిరి. ఏఁటేఁట వారి నోళ్లు పరీక్షించిరి. నోటిలోని మచ్చలను వారికే చూపిరి. ఒక్కొక్కరితోఁ గూర్చుండి మానుమని చెప్పిరి. చిత్రములు చూపి, సభలు చేసి యూరివారికిఁ దెలియఁజేసిరి. 1986 లోఁ బ్రకటింపఁబడిన ఫలితము లివి: ఇట్టి హితబోధ పొందని వారికంటెఁ బొందినవారిలో నెక్కువమంది మానిరి, తగ్గించిరి, పుట్టకురుపునకుఁ బూర్వరూపమగు తెల్లమచ్చలు వారిలోఁ దక్కువగాఁ బుట్టినవి. పాదుషాల ఖడ్గము చేయలేని పనిని, పల్లెవాకిట గూర్చుండి మాటాడిన మనుష్యుఁడు కొంతయైనఁ జేయఁగలిగెను. అతఁ డొకమాఱు చెప్పి పోలేదు. మరుసటి యేఁడును వచ్చెను. కీలక మదియే.

కావున మిత్రులు చేయవలసినది యేమి? మొదట, నిందింపరాదు. మానఁబూనినవాఁడు తప్పినచో నది పాపము గాదు. చాలమంది పలుమాఱులు తప్పియే తుదకు మానుదురు. తప్పిన నాఁటి సాయంకాలమే మరలఁ బ్రారంభింపుమనవలెను. రెండవది, వానియెదుట మనము త్రాగరాదు, ఇయ్యరాదు. 2008 అక్టోబరు 2 నుండి బహిరంగస్థలములలోఁ బొగ నిషిద్ధము; స్నేహితుని గది కాశాసనము పోదు, మన మర్యాదయే పోవలయును. మూఁడవది, కోరిక పుట్టు వేళ నెఱింగి యా వేళకుఁ దోడుండవలెను. కోరిక కొన్ని నిమిషములలోఁ దగ్గును. ఆ నిమిషములు మాటలతోనో నడకతోనో గడపవచ్చును. నాలుగవది, వైద్యుని సాయము సిగ్గు గాదు. నికోటిను కోరికను దగ్గించు మందులు గలవు. ప్రభుత్వమువారు 1800-11-2356 అను టెలిఫోనున నుచితముగా సలహా నిచ్చుచున్నారు.

ఇరువది యేండ్లు త్రాగినపిదప మానిన ఫలమేమి యనువారున్నారు. ఇంగ్లండు వైద్యులను 1951 నుండి ఏఁబది యేండ్లు పరిశీలించి 2004 లోఁ బ్రకటించిన లెక్క యిది: ముప్పదవ యేఁటఁ బొగ మానినవాఁడు సుమారు 10 సంవత్సరములు, నలువదవ యేఁట 9, ఏఁబదవ యేఁట 6, అఱువదవ యేఁట మానినవాఁడు సైతము 3 సంవత్సరములు ఆయువు మిగుల్చుకొనును. మా మిత్రుని వయసు నలువదియైదు. అతని కూఁతు రిప్పుడు తొమ్మిదవ తరగతి. ఆ సంవత్సరములలో నామె చదువును, పెండ్లియు నున్నవి.

మేము నలుగురము వంతులు పెట్టుకొని ప్రతిసాయంకాలము మసీదు దిక్కుగా నతనితో నడచుచున్నాము. రెండు నెలలైనది. మానివేసెనని చాటుట తొందరపాటు. నడక మాత్రము మానలేదు. పాఠకులలో నెవ్వరికైన నిట్టి మిత్రుఁ డుండినచో, ఉపన్యాసము లిచ్చుటకంటె ముందు, నేఁటి సాయంకాలము వాని యింటికిఁ బోవుట మేలు. రేపును బోవుట యంతకంటె మేలు.