పింగాణీని బోర్లించి చూడు

చాప మీద సర్దుకుని కూర్చో నాయనా. ఆ ఫోను కాసేపు పక్కన పెడితే కొంపేం మునిగిపోదు. రాస్ లఫాన్ అనగానే మీకు గ్యాసూ, ఓవర్‌టైమూ గుర్తొస్తాయి. నాకు కప్పులూ సాసర్లూ గుర్తొస్తాయి.

ఖతార్‌లో, దోహాకి ఉత్తరంగా ఎనభై కిలోమీటర్లు. అక్కణ్ణించి 1996 డిసెంబరులో మొదటి ద్రవ గ్యాసు ఓడ జపానుకి బయల్దేరింది. నేనక్కడ ఉన్నవి రియాలుకి పది రూపాయలొచ్చే రోజులు. కోనసీమ, కడప, కరీంనగర్, అన్ని యాసలూ ఒకే మెస్సులో వినపడేవి.

పక్కనే అల్ ఖోర్. కాంట్రాక్టు అయిపోయిన ఇంగ్లీషు ఇంజనీర్లు ఊరు వదిలే ముందు ఇంటి సామానంతా వరండాలో పరిచి అమ్మేసేవారు. మనవాళ్లు టీవీల మీదా, వీసీఆర్‌ల మీదా ఎగబడేవారు. మూలన అట్టపెట్టెలో పాత పేపర్లు చుట్టిన పింగాణీ ఉండేది. వాళ్ల అమ్మమ్మల నాటిది, అయినా ఎవరికీ పట్టేది కాదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా! పది రియాళ్లిస్తే కప్పూ సాసరూ చేతిలో పెట్టేవారు.

ఇంగ్లండులో పింగాణీ ఊరు స్టోక్ ఆన్ ట్రెంట్ వైపు పెద్దాయన ఒకరు నాకీ విద్య నేర్పారు. పళ్లెం చేతికొస్తే పూలు తరవాత, ముందు బోర్లించి అడుగు చూడమనేవారు. అడుగున ఇంగ్లండ్ అని ఉంటే చాలావరకు 1891 తర్వాతి సరుకు. దిగుమతయ్యే వస్తువు మీద దేశం పేరు ఉండి తీరాలని అమెరికా చట్టం చేస్తే వచ్చిన అలవాటది. వజ్రం ఆకారపు ముద్ర ఉందా, 1842కీ 1883కీ మధ్య నమోదైన డిజైను. ఆపైన దీపానికెదురుగా ఎత్తి, వెనక వేళ్లు ఆడించాలి. నీడ కనపడితే పింగాణీ, లేకపోతే మామూలు మట్టిది.

ఇంగ్లీషు పింగాణీకి ఆ తెలుపు ఎక్కడిదనుకున్నావు? స్టోక్‌లోని స్పోడ్ కంపెనీ వాళ్లు పద్దెనిమిదో శతాబ్దం చివర కుదిర్చిన పాళ్లలో సుమారు సగం పశువుల ఎముకల బూడిదే. ఆ మాట చెప్పిన దగ్గర్నుంచీ మీ మామ్మ నా కప్పుల్ని వంటింటి గడప దాటనివ్వలేదు. ఆ చేత్తోనే కోడిపులుసు వండుతుంది సుమా! మా వీధిలో మడి ఇళ్లూ అంతే. పింగాణీ కప్పు మైల, ఆవకాయ పెట్టే పింగాణీ జాడీ మాత్రం పవిత్రం. నా మిత్రుడొకడు మరక పోవాలని బంగారు అంచు పళ్లేన్ని సబీనా వేసి పీచుతో తోమాడు. కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. మరక ఉంది, బంగారం పోయింది.

ఏదో చెబుతున్నా కదూ... ఆఁ, సాసర్లు. మన కుర్రాళ్లు దొరల ఎదట టీ సాసరులో పోసుకోడానికి సిగ్గుపడి నాలుక కాల్చుకునేవారు. పెద్దాయన అది చూసి తన టీ సాసరులోకి వంపుకుని జుర్రున లాగారు. తొలినాటి ఇంగ్లీషు టీ కప్పులకి చాలావాటికి పిడే ఉండేది కాదు. సాసరు టీ వాళ్ల తాతల అలవాటే. ఖతార్ వాళ్లు గహ్వా అనే కాఫీ తాగే ఫింజాను కప్పుకీ పిడి ఉండదు, చాలనుకుంటే అటూ ఇటూ ఊపి ఇచ్చెయ్యాలి. ఆ మర్యాద తెలియక మనవాడొకడు పోసినకొద్దీ తాగి తెల్లార్లూ మేలుకున్నాడు.

ఈ మోజు మనకేం కొత్త కాదు. హైదరాబాదులో మూడో సాలార్‌జంగ్, మీర్ యూసఫ్ అలీ ఖాన్, 1949లో పోయేదాకా పింగాణీ కొంటూనే ఉన్నారు. ఆ వంశం వారి దివాన్ దేవిడీలో చీనీఖానా అని పింగాణీ పొదిగిన గదే ఉండేది. 1951లో తెరిచిన సాలార్‌జంగ్ మ్యూజియంలో వెడ్జ్‌వుడ్, వూస్టర్ సరుకు ఇవాళా చూడొచ్చు. స్టోక్‌లో స్పోడ్ ఫ్యాక్టరీ మాత్రం 2008లో మూతపడింది. ఇప్పుడు నిండు డిన్నర్ సెట్లు అడిగేవాళ్లు తగ్గారు. బంగారు అంచు మైక్రోవేవ్‌కి పనికిరాదు, మీకేమో తీరిక లేదు.

కొనాలనిపిస్తే సెట్టు జోలికి పోకు నాయనా. లోపల తెల్లగా, పగుళ్లు లేని కప్పు ఒకటి కొను, పండగ పూటైనా అందులో టీ తాగు. అద్దాల బీరువాలో మాత్రం దాచకు. పాత రంగుల పళ్లెంలో పులుసు పొయ్యకు, ఆ రంగుల్లో సీసం ఉంటే పులుపుకి దిగుతుంది. పులుసుకి స్టీలు గిన్నే మేలు.