కరగని దారము

బలముగల దారమెల్ల వేడికి నిలుచునని తలచుట పొరపాటు. 1935లో అమెరికాలోని డ్యూపాంట్ పరిశోధనశాలలో వాలేస్ కరోథర్స్ నైలానును సృష్టించెను. పట్టును మించిన గట్టితనము చూపిన ఈ దారము సుమారు 260 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మైనమువలె కరగును. నూలుబట్ట మండునేగాని కరగదు. నైలాను చీర కొంగుకు పొయ్యి వద్ద నిప్పంటినచో కరగిన బొట్లు చర్మమునకు అంటుకొని గాయమును మరింత లోతు చేయును.

కారణము అణువుల అమరికలో కలదు. నైలాను అణువు పొడవైన గొలుసు వంటిది. అందలి కర్బన పరమాణువులు సులభముగా మెలితిరుగును. ప్రక్కప్రక్క గొలుసులను హైడ్రోజను బంధములు పట్టియుంచును. వేడి హెచ్చినకొలది గొలుసులు కదలి, ఆ పట్టు సడలి, ఒకదానిపై నొకటి జారును. అదియే కరగుట.

మరి గొలుసునే బిగించినచో? 1960 ప్రాంతమున అదే సంస్థలో విల్ఫ్రెడ్ స్వీనీ వంగెడి కర్బన శృంఖలములకు బదులు బెంజీను వలయములను పొదిగెను. అట్లు పుట్టిన నోమెక్స్ 1967లో విపణికి వచ్చెను. 1965లో స్టెఫనీ క్వోలెక్ అను శాస్త్రజ్ఞురాలు వలయములు కడ్డీవలె తిన్నగా నిలిచెడి గొలుసులతో ఒక ద్రవమును చేసెను. అది పలుచగా, మసకగా ఉండెను. యంత్రపు రంధ్రములు పూడునేమోయని పోగు తీయువాడు తొలుత వెనుకాడెను. ఆ పోగునుండి పెంపొందినదే కెవ్లార్. సమానమైన బరువులో అది ఉక్కుకంటె అయిదు రెట్లు బలమైనది.

ఇట్టి బిగువైన గొలుసులు జారవు గనుక ఈ దారములు కరగవు. 400 డిగ్రీల ప్రాంతమున నోమెక్స్ విచ్ఛిన్నమై బొగ్గగును. మంటకు కావలసినవి మండెడి వాయువులు. అవి స్వల్పముగా వెలువడును. పైని బొగ్గుపొర లోపలి భాగమును కాపాడును.

1966లో ఫెనిమోర్, మార్టిన్ అనువారు, ఒక పదార్థము మండుచుండుటకు కనీసము ఎంత ఆక్సిజను కావలెనో కొలుచు పద్ధతిని ప్రకటించిరి. గాలిలో ఆక్సిజను నూటికి 21 పాళ్లు. నోమెక్స్‌కు సుమారు 28 పాళ్లు కావలెను. నిప్పును తొలగించగనే దాని మంట ఆరుట అందువలననే.

ఆక్సిజను పెరిగినచో ఈ రక్షణ తొలగును. 1967 జనవరి 27న భూమిమీద పరీక్ష జరుగుచుండగా, శుద్ధ ఆక్సిజనుతో నిండిన అపోలో 1 గదిలో నిప్పు పుట్టెను. నైలాను వలలు మున్నగునవి క్షణములలో మండి, ముగ్గురు వ్యోమగాములు మరణించిరి. అటుపిమ్మట వారి దుస్తులకు గాజుపోగుల వస్త్రమును వాడిరి. నేలపై నున్నపుడు గదిలోని ఆక్సిజనుకు నత్రజనిని కలిపిరి.

కనుక ఒక దారము మండదని విన్నపుడు, ఏ గాలిలో మండదని కూడ అడుగవలెను.