సన్నిధి

‘సన్నిధి’ సంస్కృత శబ్దము. ‘ధా’ ధాతువునకు ‘సం’, ‘ని’ అను ఉపసర్గములు చేరగా ఏర్పడి, చేరువగా నుంచుట, సమీపమున నుండుట అను అర్థముల నిచ్చును. యాదగిరిగుట్ట నరసింహస్వామికి మ్రొక్కులు చెల్లించు జనుల నోట మెలగిన ఈ మాటనే, హీబ్రూలో ముఖమను అర్థముగల ‘పానీం’ శబ్దమునకు తెలుగు బైబిలు పలుచోట్ల గ్రహించినది. నిర్గమకాండమందలి ‘సన్నిధి రొట్టెలు’ ఇందుకు నిదర్శనము.

రష్యానుండి 1889లో భారతదేశమునకు వచ్చిన మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీ అబ్రాహాం ఫ్రీసెన్ నల్లగొండ కేంద్రముగా సేవ సాగించెను. అట్టి సేవవలన క్రైస్తవము వేరూనిన నల్లగొండ, పాలమూరు సీమల విశ్వాసులకు నేడు గుడిలోను, ఇంటి ప్రార్థనలోను ‘ప్రభు సన్నిధి’ నిత్యవ్యవహారము.

అయినను ఆరాధనామందిరమునకే ఈ పదమును పరిమితము చేయుట అర్థసంకోచమే యగును. ఎమ్మాయు అను గ్రామమునకు పోవు త్రోవలో తమతో నడచిన క్రీస్తును శిష్యులు గుర్తింపలేక, ఇంట భోజనపు బల్లయొద్ద ఆయన రొట్టె విరిచినప్పుడే గుర్తించిరని లూకా సువార్త చెప్పును. ఆకలిగొన్నవారికి చేసినది తనకే చేసినట్లని ఆయన పలికెనని మత్తయి సువార్త 25వ అధ్యాయము తెలుపును. కావున నల్లగొండ సీమలో ఫ్లోరైడు నీటివలన నడుము వంగిన పొరుగువానికి మంచినీరందించునప్పుడు, కొడుకులు వలసపోగా ఒంటరియైన పాలమూరు తల్లికి అన్నము పెట్టునప్పుడు విశ్వాసి నిలుచునది సన్నిధిలోనే. చేరువ యనునది ‘సన్నిధి’ శబ్దపు వ్యుత్పత్త్యర్థము గనుక, పొరుగువానికి దూరమైనవాడు ఆ మాటను పలుకుటకు అర్హుడు కాడు.